ఎవరూ ఏమీ నొక్కలేదు

మధ్యాహ్నం అన్నాల గంట కొట్టారు. పిల్లలంతా పళ్లేలు పట్టుకుని వసారాలోకి పరుగెత్తారు. కరుణ మాత్రం చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, కంప్యూటర్ గదిలోకి దూరింది.

ఆళ్లగడ్డలోని ఆ బడికి ఉన్నదల్లా ఒకే ఒక్క కంప్యూటర్. అది కూడా సగం కొత్తది, సగం పాతది. నెల కిందట నంద్యాల నుంచి కొత్త సీపీయూ వచ్చింది. అందులో విండోస్ ఎక్స్‌పీ ఉంది. మానిటర్ మాత్రం ఏనాటిదో. దాని అద్దం ముందుకు ఉబ్బి ఉంటుంది. వెనకభాగం సగం బల్లను ఆక్రమిస్తుంది. కొత్త మానిటర్ కూడా వచ్చాకే గది తెరుద్దామని హెడ్‌మాస్టర్ గురవయ్య సార్ అన్నారు. అంతవరకు పిల్లలు ఎదురు చూడటమెందుకు, దీంతోనే నడిపిద్దామని లూదియా టీచర్ పట్టుబట్టి ఆయనను ఒప్పించింది.

ఆరో తరగతి కరుణ ఆ గదికి లీడర్. ‘నాకు తెలియదు’ అనే మాట ఆమె నోట వచ్చేది కాదు. తెర మీద ఏ ప్రశ్న వచ్చినా చదవకుండానే ‘యెస్’ మీద టక్కున నొక్కేసేది. పక్కనున్న పిల్లలు నోళ్లు తెరిచి చూసేవారు. అలా చూస్తే కరుణకు మహా సంబరం.

మర్నాడు అమ్మానాన్నలు కంప్యూటర్ గది చూడటానికి వస్తున్నారు. నలభై ఇద్దరు పిల్లలు గీసిన బొమ్మలు అందులో ఉన్నాయి. కరుణ నాయన సుందరరాజు పొలం పని మానుకుని మరీ వస్తానన్నాడు.

నాయన ముందు ఇంకొంచెం గొప్పగా ఉండాలని కరుణకు ఆశ. నంద్యాలలో మేనమామ ఇంటి పక్క నెట్ సెంటర్లో తెర మీద అక్షరాలు సన్నగా, బొమ్మలు చిన్నగా, ముచ్చటగా ఉంటాయి. ఇక్కడేమో అన్నీ లావులావుగా ఉంటాయి. అందుకే సెట్టింగుల్లోకి వెళ్లి, తెర కొలత మార్చే గీత మీద ఉన్న ముల్లును కుడివైపు చివరిదాకా జరిపేసింది. తర్వాత ఓకే నొక్కింది.

తెర ఒక్కసారి వణికింది. బొమ్మంతా ఏటవాలు గీతలైపోయింది. మధ్యలో ఒక పెట్టె లీలగా కనిపించి ఏదో అడిగింది. చదవాలంటే కళ్లు చికిలించి చూడాలి. అంత ఓపిక మన లీడరమ్మకు ఎక్కడిది? ఎడమవైపు ఉండేది ‘యెస్’ అని తెలుసు కదా! టక్కున నొక్కేసింది.

అంతే, తెర నల్లబడింది. మానిటర్ కీచుమంటూ ఉండిపోయింది. కరుణ తలుపు వైపు ఒకసారి చూసింది. ఆపి మళ్లీ వేసింది. మొదట బొమ్మ వచ్చింది గానీ, తర్వాత మళ్లీ అంతా నలుపే. చప్పుడు చేయకుండా చెప్పులు తొడుక్కుని, అన్నం వరుసలో వెనక నిలబడింది.

అన్నాలయ్యాక గదిలోకి వెళ్లిన లూదియా టీచర్ గాభరాగా బయటికి వచ్చింది.

"కంప్యూటర్ మీద ఎవరన్నా ఏమన్నా నొక్కినారా?"

"నేనేం నొక్కలేదు టీచర్!" అన్నాడు నాలుగో తరగతి బాలు. "నేను గూడా!" అంది శ్రావణి. ఒకరి తర్వాత ఒకరు అందరూ అదే మాట అన్నారు. ఆ గుంపులో కరుణ కూడా మెల్లగా, "నేనేం నొక్కలేదు" అనేసింది. ఆ మాట అన్నాక టీచర్ వైపు చూడలేకపోయింది.

గురవయ్య సార్ తన గదిలోని ల్యాండ్‌లైన్ నుంచి నంద్యాలకు ఫోన్ చేశారు. అవతల కంప్యూటర్ మెకానిక్ సంజీవయ్య. ఆయన గొంతు ఎంత పెద్దదంటే, తలుపు దగ్గర నిలబడ్డ కరుణకు కూడా వినిపిస్తోంది.

"ఎవరేం నొక్కినారు సార్?"

"ఎవరూ ఏమీ నొక్కలేదంటప్పా!"

"యాడికి పోయినా ఇదే మాట సార్! ఏం నొక్కినారో చెప్తే ఈడి నుంచే దారి చెప్తా. ఏమీ నొక్కకుండానే ఆగిపోయిందంటే మానిటర్ పోయినట్టే. సోమవారం దాకా నేను రాలేను."

సార్ ఫోన్‌ను చెవి నుంచి తీసి, టీచర్ వైపు చూశారు.

"నేనప్పుడే చెప్పినా గదమ్మా, కొత్తదానికీ పాతదానికీ పొసగదని. రేపు ఎవరూ రావొద్దని చెప్పి పంపండి. దీన్ని కట్టేసి నంద్యాలకు పంపిస్తా. కొత్త మానిటర్ వచ్చేదాకా గదికి తాళమే."

"తప్పు నాదే సార్," అంది టీచర్. "పాతది చాలని చెప్పింది నేనే." ఆమె తల దించుకుంది.

చేయని తప్పుకు టీచర్ తల దించుకోవడం కరుణ చూడలేకపోయింది. గబగబా లోపలికి వచ్చేసింది.

"నేనే నొక్కినా సార్! మీతో అబద్ధం చెప్పినా టీచర్!"

సార్ కళ్లజోడు తీసి చూశారు, మళ్లీ పెట్టుకుని చూశారు. ఫోన్ మాత్రం ఆమె చేతికే ఇచ్చారు. ముల్లును జరిపింది, పెట్టె వచ్చింది, ఎడమవైపు నొక్కింది, అన్నీ కరుణ ఏడుస్తూనే చెప్పింది.

అవతల సంజీవయ్య ఒకటే నవ్వు.

"ఓస్, ఇంతేనా! ఏడ్వొద్దులే పాపా. మానిటర్ పోలేదు. నువ్వు పెట్టిన కొలత చూపించే శక్తి ఆ ముసలిదానికి లేదు, అంతే. ఆ పెట్టె ఏమడిగిందో తెల్సా? ‘బొమ్మ బాగుందా, ఇట్లే ఉంచాల్నా?’ అని. పదిహేను సెకన్లు గమ్మునుంటే అదే ఎనక్కి పోయుండేది!"

కరుణకు సిగ్గుతో చెవులు వేడెక్కాయి. అడిగిన ప్రశ్న చదవకపోవడంతో వచ్చింది ఇదంతా.

ఇక అసలు తమాషా మొదలైంది. ఫోనేమో వసారాకు ఈ చివర, కంప్యూటరేమో ఆ చివర. కరుణ పోయి కంప్యూటర్ ముందు కూర్చుంది. మధ్యలో ఏడుగురు పిల్లలు వరుసగా నిలబడ్డారు. ఫోన్లో విన్న మాటను సార్ అరిచేవారు. పిల్లలు ఒకరి నుంచి ఒకరికి అరుస్తూ అందించేవారు.

"ఆపి మళ్లీ వేయండి! వేసినప్పటి నుంచి ఎఫ్ ఎనిమిది మీట నొక్కుతానే ఉండండి!"

"ఎఫ్ ఎనిమిది! ఎఫ్ ఎనిమిది!" అని వసారా మార్మోగింది. వంటమనిషి ఆదెమ్మ గరిటెతో సహా వచ్చి నిలబడింది.

నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. "వీజీఏ మోడ్ అని ఉంటాది, పాత మానిటర్‌కు సరిపోయే కొలత అది, చదివి నొక్కండి!" అన్న మాట వచ్చింది. కరుణ ఒక్కో వరుసను వేలు పెట్టి చదివింది. దొరికింది. నొక్కింది.

తెర వెలిగింది! లావులావు అక్షరాలతో, నలభై రెండు బొమ్మలతో అంతా తిరిగి వచ్చింది. సెట్టింగుల్లో ముల్లును పాత చోటికి జరిపితే మళ్లీ ఆ పెట్టె అడిగింది. కరుణ టీచర్‌తో కలిసి అక్షరం అక్షరం చదివి, అప్పుడు ‘యెస్’ అంది. వసారా అంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది గురవయ్య సారే. కొట్టాక గుర్తొచ్చి, కరుణ వైపు కళ్లు పెద్దవి చేసి చూశారు.

మర్నాడు గది నిండా అమ్మానాన్నలు. కరుణ మొన్న గీసిన ఎద్దులబండి బొమ్మ చూసి సుందరరాజు పొంగిపోయాడు. అంతలో బాలు వచ్చి, "మామా, నిన్న కంప్యూటర్ ఆగిపోతే కరుణక్కే బాగుచేసింది!" అని చెప్పాడు.

సుందరరాజుకు ఛాతీ ఉబ్బింది. పక్కనున్న పెద్దలందరినీ పిలిచాడు. "విన్నారా? నా కూతురే బాగుచేసిందంట! ఏమ్మా, నిజమేనా?"

అందరూ కరుణ వైపే చూస్తున్నారు. నోళ్లు తెరిచి మరీ చూస్తున్నారు. ఒక్క ‘ఊ’ అంటే చాలు.

"బాగుచేయడానికి సంజీవయ్య మామ చెప్పినాడు, అందరం చేసినాం," అంది కరుణ. "చెడగొట్టింది మాత్రం నేనొక్కదాన్నే నాయనా."

సుందరరాజు కూతురిని ఎగాదిగా చూశాడు. తర్వాత గది అదిరేలా నవ్వాడు. కరుణ కూడా నవ్వేసి, ఆయనకు కుర్చీ లాగింది.

"కూర్చో నాయనా. యాడ నొక్కినానో చూపిస్తా."