అభ్యంతరం లేని మనిషి

రామసుబ్బు మీద భార్య గురువమ్మాళ్‌కు పెద్ద ఫిర్యాదేమీ లేదు. తాగడు, పేకాడడు, సాంబారులో ఉప్పు తక్కువైతే తనే లేచి వేసుకుంటాడు. ఒక్కటే బాధ. ప్రతిదానికీ లాజిక్ కావాలి. వాన మొదలైతే గాలి ఎటు వీస్తోందో చూసి, ఏ కిటికీ ముందు మూయాలో ఆలోచిస్తాడు. ఆలోగా పరుపు తడుస్తుంది. తడిసిన పరుపును మేడమీదికి మోయడానికి మాత్రం ఏ లాజిక్కూ అక్కర్లేదు. గురువమ్మాళ్ ఉంది.

విరుదునగర్‌లో అతని కంపెనీ చుట్టుపక్కల మిల్లులకూ ఆసుపత్రులకూ కంప్యూటర్లు బాగుచేసే మనుషులను పంపుతుంది. ఎవరిని ఎక్కడికి పంపాలో తేల్చే సాఫ్ట్‌వేరును ఆ ఏడాదే రామసుబ్బు రాశాడు. అందులో ఒక్కో మనిషికీ ఒక ఏజెంటు, అంటే అతని తరఫున బేరమాడే చిన్న ప్రోగ్రాము. ఎవరికి ఏ పని తెలుసు, ఎవరు ఏ వేళ రానంటారు, అన్నీ ఏజెంట్లే మాట్లాడుకుని పని పంచేస్తాయి.

"ఇంక మొహం చూసి పనియ్యడం ఉండదు," అని ఇంట్లో పాయసం చేయించుకుని మరీ చెప్పాడు. గురువమ్మాళ్ తమ్ముడు తిరుపతిసామి కోవిల్‌పట్టిలో అదే కంపెనీకి పనిచేస్తాడు. ఆ పాయసం అతనూ తిన్నాడు.

ఆ ఆదివారం కూతురు అభినయకు ఎట్టయాపురం దగ్గర కులదేవత గుడిలో చెవులు కుట్టాలి. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టే కుడతారు. పొద్దున పిల్ల తలకు నూనె రాస్తుండగా ఫోను మోగింది.

"అక్కా, శ్రీవిల్లిపుత్తూరు ఆసుపత్రిలో కంప్యూటర్లు నిలిచిపోయినాయంట. బావ సాఫ్ట్‌వేరు నన్నే పొమ్మంటా ఉండాది."

"అంత దూరం నువ్వేమిటికిరా? ఇక్కడ మనుషులు లేరా?"

"ఆదివారమైతే నాకే వస్తాదక్కా. పోకుంటే పని పోతాది. బావ మారిస్తే మారుతాది, చెప్పు."

ఆమె చెప్పింది. రామసుబ్బు తల అడ్డంగా ఊపాడు. "నా బామ్మర్దికని చెయ్యి పెడితే రేపు అందరూ వచ్చి నిలబడతారు. ముగించుకుని వచ్చేస్తాడులే."

"మీ బామ్మర్ది కాదండి, మీ బిడ్డ మేనమామ."

"సాఫ్ట్‌వేరుకు అదంతా తెలీదు."

"మీకు తెలుసు కదా."

గుడిలో మధ్యాహ్నం దాకా చూశారు. ముహూర్తం దాటిపోతోందని పూజారి విసుక్కున్నాడు. చివరికి గురువమ్మాళ్‌కు దూరపు వరసలో అన్న, చిన్నతంబి, పీట మీద కూర్చున్నాడు. "మామ కావాలి," అని పిల్ల ఏడ్చింది. "నేనూ మామనే," అన్నాడు. పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది.

సాయంత్రం తిరుపతిసామి మేనమామ పెట్టాల్సిన సీరు పళ్లెంతో ఇంటికి వచ్చాడు. పట్టుపావడ, కమ్మలు, శ్రీవిల్లిపుత్తూరు పాలకోవా. పళ్లెం అరుగు మీద పెట్టాడు, గడప దాటలేదు.

"లోపలికి రా సామీ, అన్నం తిను," అంది రామసుబ్బు తల్లి వల్లియమ్మాళ్.

"వద్దత్తా. సీరు ఇచ్చి పోదామని వస్తిని. రేపటినుంచి ఈ పనికి పోను."

"నామీద కోపమేమిటికిరా?" అన్నాడు రామసుబ్బు. "నేనా పంపింది? ఏజెంటు పంపింది."

"నా ఏజెంటే కదా బావా. నా తరఫున ఒక్క ఆదివారమన్నా రానని చెప్పిందా?"

గురువమ్మాళ్ గుమ్మంలోకి వచ్చింది.

"మొదట్లో అందర్నీ పిలిచి, ఎవరికి ఏ వేళ కుదరదో అడిగితిరి కదా. వీణ్ణి ఎప్పుడు అడిగితిరి?"

"వీడు మనింటి మనిషి కదా అని..." అతను గొంతు తగ్గించాడు. "అభ్యంతరం లేదని నేనే పెట్టేస్తిని."

"ఆదివారానికా?"

"అన్నిటికీ."

గురువమ్మాళ్ నవ్వింది. ఆ నవ్వు విని అత్తగారు తల దించుకుంది.

"బయటోళ్లకంతా అడిగి రాసి, మా పుట్టింటోడికి మాత్రం అడగకుండానే రాసేస్తిరి. సరి. నన్ను అడిగి రాసింది ఏదన్నా ఉంటే చూపించండి. ఈ ఇంట్లో నా ఏజెంటు కూడా ఏనాడూ కాదన్నది లేదు."

అభినయ వచ్చి మేనమామ చెయ్యి లాగింది. అతను మెట్టు మీద కూర్చున్నాడు. పిల్ల ఒళ్లోకెక్కి, ఎర్రగా వాచిన చెవి చూపించింది. "నొప్పి మామా." అతను ఆ చెవిని ముట్టుకోలేదు. వేళ్లు దగ్గరిదాకా వెళ్లి ఆగిపోయాయి. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

రామసుబ్బు అది చూశాడు. మెల్లగా వచ్చి అతని పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. ఎదురింటివాళ్లు చూస్తున్నా గొంతు దించలేదు.

"సాఫ్ట్‌వేరు తప్పు కాదు తిరుపతీ. నాది. నిన్ను అడగలేదు. మీ అక్కనూ అడగలేదు. తప్పు నాదే."