కుడి చక్రం

విమానాల మెకానిక్ భీమన్న గొంతు కోసినవాళ్లు అతని పిడికిలి విప్పలేకపోయారు. రెండు వేళ్లు విరిచినా టైర్లలో గాలి కొలిచే గేజి ఊడి రాలేదు. వేళ్లు పెనుగులాటలో విరిగాయన్నాడు గూఢచారి శాఖ చీఫ్. ఏజెంట్ సువార్తరావు ఒప్పుకున్నాడు.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. డొంకరాయి డ్యామ్ పనులకు విశాఖపట్నం నుంచి డకోటా విమానంలో డైనమైట్ వెళుతోంది. పెట్టెల మీద పంపు సామాన్లని రాశారు. ఇద్దరు పైలట్లలో నిజం కెప్టెన్ ధనరాజుకే తెలుసు. విదేశీ ముఠా దాన్ని దారిలో ఎత్తుకుపోవచ్చు. కో-పైలట్ దెబోరా ఆ ముఠాలో మనం నాటిన మనిషి. కోడ్ వర్డ్ 'వలిసె పూలు'.

కూలీ వేషంలో విమానమెక్కిన సువార్తరావు ఆ మాట గొణగగానే, దెబోరా నల్లకళ్లద్దాలు పైకి జరిపి "ఇంకా పూయలేదు" అని నవ్వింది. ఆ నవ్వును నమ్మాలనిపించింది. అలా అనిపించడమే అతన్ని కలవరపెట్టింది.

టేకాఫ్‌లో కాళ్ల కింద దబ్బుమంది. విమానం కుడికి గుంజి, గాల్లోకి లేచింది. రాయి తగిలి ఉంటుందన్నాడు ధనరాజు. టైరు పోయిందో లేదో చెప్పే మీటరు డకోటాలో లేదు. చక్రాలు దించాక పైలట్లిద్దరూ ఎవరి కిటికీలోంచి వాళ్లు చూసి చెప్పుకోవాల్సిందే.

చింతపల్లి కొండలు దాటి డొంకరాయి రన్‌వే కనిపించగానే ధనరాజు చక్రాలు దించాడు.

"నా పక్క బాగానే ఉంది. నీ పక్క సూసి సెప్పమ్మా."

"బాగుంది," అంది దెబోరా. ఆ తర్వాత కిటికీ వైపు తల తిప్పింది.

వాళ్ల వెనక నిలబడ్డ సువార్తరావు అది చూశాడు. తెలియనివాళ్లు చూసి చెబుతారు. ముందే తెలిసినవాళ్లకు చూడాలన్న సంగతి వెనక గుర్తొస్తుంది. భీమన్న పిడికిట్లో గేజి ఎందుకుందో ఇప్పుడర్థమైంది: కుడి టైరును ఎవరో పాడుచేశారని అతను కనిపెట్టాడు. పగిలిన టైరుతో దిగితే విమానం కుడికి తిరిగి, రన్‌వే పక్కనున్న కూలీల రేకుల షెడ్లలోకి దూసుకుపోతుంది.

"దిగొద్దు, కెప్టెన్."

దెబోరా చేతిలో లిప్‌స్టిక్‌లా ఉన్న తుపాకీ పేలింది. గుండు ధనరాజు పొట్టలో దిగింది. సువార్తరావు తన మీద పడగానే ఆమె అతని చెంప కండ ఊడేలా కొరికింది. అతను ఆమె మణికట్టు విరిచి, ముఖాన్ని ప్యానెల్‌కేసి కొట్టి, బెల్టుతో సీటుకు బిగించాడు.

"భీమన్నను?"

"గేజి ఇమ్మన్నాను. ఇవ్వలేదు." నెత్తురు ఉమ్మింది. "చిన్న ప్రమాదమే. పనులు ఆగుతాయి, అంతే."

"పెట్టెల్లో ఉన్నది డైనమైట్. నీవాళ్లు చెప్పలేదా?"

ఆమె ముఖం పాలిపోయింది. అదొక్కటే నటన కాదు.

"ఎనక్కెళ్లీదాకా నాను బతకను బాబూ," అన్నాడు ధనరాజు, పొట్ట అదిమిపట్టి. "రెండు సక్రాలూ ఒక్కలాగుంటే తిన్నగా పోద్ది. ఏటి సేత్తావో బేగి సెయ్యి."

సువార్తరావు వెనక్కి పరిగెత్తాడు. ఎడమవైపు తలుపు లాగి తెరిచి, నడుములో దాచిన పిస్టల్ తీసి, పెట్టెలు కట్టిన తాడు ఒక చేత్తో పట్టుకుని బయటికి వేలాడాడు. రెక్క కింద ఎడమ చక్రం. మొదటి గుండు గాల్లో పోయింది. షెడ్ల ముందు వంట పొగ; తలెత్తి చూస్తున్న ఆడవాళ్లు. మళ్లీ కాల్చాడు. టైరు పేలింది. మరుక్షణం చక్రాలు నేలను తాకాయి.

రిమ్ములు నిప్పులు కక్కాయి. విమానం అటూ ఇటూ ఊగి, తిన్నగానే వెళ్లి షెడ్లు దాటాక ఆగింది.

"సక్రాలెలాగున్నాయి?" ధనరాజు కళ్లు మూసుకునే అడిగాడు.

సువార్తరావు కిందికి దూకి, ఇటూ అటూ తిరిగి వచ్చాడు.

"రెండూ నాశనం, కెప్టెన్. ఇది మాత్రం చూసే చెబుతున్నాను."