తెరలో మిగిలిన నీడ

అసురసంధ్య వేళ... హోరువానలో ఆకాశం ఫెళఫెళమంది! ఎదురింటి చూరు మీద గుడ్లగూబ కూసింది. మూడో అంతస్తు గదిలో చిత్రకారిణి ఒంటరిగా, చెక్క చట్రానికి బిగించిన పట్టుతెర ముందు శూన్యంగా నిలబడి ఉంది.

పోయిన తల్లి ఫోటో, చిరిగిన బస్సు టికెట్టు, ఆవిడ చీర అంచు... వీటన్నిటినీ ఆ తెరలోంచి ఒకదానిపై ఒకటి కాగితం మీద అచ్చు వేయడమే ఆమె పని. పలకరించే దిక్కులేని ఆ గదిలో అమ్మ జ్ఞాపకాలే ఆమెకు తోడు.

కింద దుకాణంలో రంగులు అమ్మేవాడు కొన్నాళ్ళ కిందట ఆ సంగతి పసిగట్టాడు. వాడు క్షుద్రోపాసకుడు! కపాలంలో నూరిన నల్లరంగు తెచ్చి ఇచ్చాడు.

"దీంతో వేసి చూడమ్మా. మీ అమ్మ మాట్లాడకపోతే నన్నడుగు."

నిజంగానే తడి కాగితం మీద పెదవులు కదిలాయి!

"తిన్నావా? మళ్ళీ టీతోనే సరిపెట్టావా, మొండిఘటమా?"

ఆమె ఏడ్చింది, నవ్వింది. ఆశకొద్దీ మళ్ళీ మళ్ళీ అచ్చు వేసింది. కానీ అచ్చుకొక జ్ఞాపకం ఆమెను విడిచి కపాలంలోకి చేరిపోయింది... అమ్మ చేతి స్పర్శ పోయింది. జోలపాట పోయింది. చివరికి ఆ ముఖం ఎవరిదో కూడా తెలియకుండా పోయింది!

ఇప్పుడు మాంత్రికుడు కపాలంతో గదిలోకి వచ్చాడు.

"ఖాళీ కుండవైపోయావు! ఇక నిన్ను నింపేది నేనే. ఆ ముసలిదాన్ని కడిగేసి, అదే తెర మీద నా ముఖం ఎక్కించు. బతికినన్నాళ్ళూ నీకు నేనొక్కణ్ణే గుర్తుంటాను!"

ఆమె మరబొమ్మలా చెప్పినట్టే చేసింది. కానీ పాత తెరను ఎంత కడిగినా వెనకటి బొమ్మ నీడ దారాల్లో మిగిలే ఉంటుంది. వాడు రంగులు అమ్మినవాడే గాని ఏనాడూ తెర కడిగినవాడు కాదు!

రబ్బరు పలకతో ఆమె తెర మీద నల్లరంగు లాగింది. పిడుగు పడింది! కాగితం మీద వాడి ముఖం... దాన్ని చీల్చుకుంటూ రెండు కళ్ళు!

"నా పిల్ల జోలికి వస్తావురా?"

"వద్దు తల్లీ! నీ కాళ్ళకు మొక్కుతా... ఆఆఆ!"

కాగితం మీద వాడి ముఖం కరిగింది. ఇక్కడ వాడూ కరిగాడు! నేల మీద నల్లటి మడుగు మిగిలింది. కపాలం పగిలి, అందులోని జ్ఞాపకాలు పొగలా కిటికీలోంచి వెళ్ళిపోయాయి.

దైవమే తల్లిగా వచ్చిందో, తల్లే దైవమైందో... దణ్ణం పెట్టడం తప్ప మనకేం తెలుసు? అంత శక్తీ ఆ జ్ఞాపకాలను మాత్రం ఎందుకు ఆపలేదో!

వాన వెలిసింది. కాగితం మీద మసకగా ఎవరో పెద్దావిడ.

"ఎవరమ్మా మీరు?"

ఆమె ఆ కాగితాన్ని గోడకు ఆనించి, టీ కోసం గిన్నె అందుకుంది. ఎందుకో ఆవిడ ఎదుట టీతో సరిపెట్టుకోవడానికి మనసొప్పలేదు. గిన్నె పక్కన పెట్టి, వంట మొదలుపెట్టింది.