క్లిప్పు పెట్టిన గొట్టం

రోజూ పొద్దున్నే, మొదటి పేషెంటు రాకముందు, నా తలకే ఎలక్ట్రోడ్లు అంటించుకుంటాను. చెవుల్లో స్పాంజి బిరడాలు పెట్టుకుని, శబ్దం వచ్చే గొట్టాలను క్లిప్పులతో నొక్కేసి వినికిడి పరీక్ష మెషీన్ ఆన్ చేస్తాను. మెదడు శబ్దం వింటే స్క్రీన్ మీద అల లేస్తుంది; చెవికి ఏమీ చేరదు కాబట్టి గీత చదునుగా రావాలి. అల వచ్చిందంటే మెషీన్ అబద్ధమాడుతున్నట్టు. పదకొండేళ్లలో ఒక్కసారీ ఆడలేదు. మనుషులకంటే నయం.

ఆ రోజు పేషెంటు మా అక్క కూతురు. రెండేళ్లది. పుట్టుకతోనే వినపడదన్నారు. సోమవారం ఆపరేషన్ చేసి చెవి లోపల పరికరం పెడతారు. దాంతో మన మాటలు వినపడతాయి కానీ, సొంత వినికిడి రవ్వంత మిగిలి ఉన్నా అది పోతుంది. అందుకే ఈ ఆఖరి పరీక్ష.

అక్క పోయి ఏడు నెలలు. బతికుండగా పాప కుడిచెవికి నోరానించి, చెవి తడిసేదాకా గంటలకొద్దీ కబుర్లు చెప్పేది. "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు, ఎందుకే?" అని నేనే వెక్కిరించేదాన్ని. అక్క పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. లోపలంతా మొద్దుబారిపోయింది.

బావ ఒళ్లో పాప నిద్రపోయింది. తలుపు మూస్తే ఆ గదిలో ఎవరి ఊపిరి వాళ్లకే వినిపిస్తుంది. స్పిరిట్ వాసన. పాపకు ఎలక్ట్రోడ్లు, బిరడాలు పెట్టి శబ్దాలు పంపడం మొదలుపెట్టాను. ఎడమవైపు గీత చదునుగా ఉంది. కుడివైపు... అల. నిటారుగా, స్పష్టంగా.

"వినపడుతోందా?" బావ గుసగుసగా అడిగాడు.

తలూపబోతూ గొట్టాల వైపు చూశాను. పొద్దున నేను పెట్టిన క్లిప్పులు తీయనే లేదు.

తీశాను. శబ్దం పెంచాను. రెండువైపులా చదును. మళ్లీ క్లిప్పులు పెట్టాను. కుడివైపు అల... ఇంతకుముందుకన్నా పెద్దది. పాప నిద్రలో నవ్వింది.

"చెప్పవేంటి?"

వినపడుతోందని రాస్తే ఆపరేషన్ ఆగిపోతుంది. అప్పుడు జన్మంతా పాపకు ఆ ఒక్క గొంతే వినపడుతుంది. లేదని రాస్తే మన మాటలు వినపడతాయి, కానీ అది పోతుంది.

"లేదు బావా. ఏమీ లేదు."

సంతకం పెట్టాను. అక్కను రెండోసారి పంపించేస్తున్నానని తెలుసు. అయినా ఏమీ అనిపించలేదు.

నెల తర్వాత పరికరం ఆన్ చేశారు. బావ పిలవగానే పాప తిరిగి చూసింది. బావ వెక్కివెక్కి ఏడ్చాడు. పాప మాత్రం కుడిచెవి పట్టుకుని గదంతా వెతికింది. వెతికి వెతికి, చివరికి నా కుడిభుజం మీదుగా చూస్తూ ఆగిపోయింది.

మర్నాడు పొద్దున మామూలుగానే నా తలకు ఎలక్ట్రోడ్లు అంటించుకుని, క్లిప్పులు పెట్టాను. ఎడమవైపు చదును. కుడివైపు... అల.

మెషీన్ మార్చాను. అదే అల. రోజురోజుకూ పెరుగుతోంది. నాకేమీ వినపడదు. నా మెదడు మాత్రం వింటోంది. అక్క నన్నేమంటోందో తెలియదు.

ఈ పొద్దున బిరడాలు తీసి చూశాను. ఎడమది పొడిగా ఉంది. కుడిది వెచ్చగా, తడితడిగా...

తడి బయటివైపు ఉంది.