గడియ గీయని కిటికీ

ఇల్లు కొనడానికి వచ్చినవాడు మొదట చూసేది దాని ముఖాన్నే. లోపల వాసాలకు చెద పట్టినా ఫరవాలేదు, వీధిలోంచి చూసినప్పుడు ఇంటికి కళ ఉండాలి. మా ఇంటికి లేనిది సరిగ్గా అదే. వీధి తలుపుకు కుడివైపు ఒక కిటికీ, ఎడమవైపు బోడిగోడ. ఒంటికన్ను మనిషి ఎదురొచ్చినట్టుందని, బేరానికి వచ్చిన ఇద్దరూ గుమ్మం ఎక్కకుండానే వెళ్ళిపోయారు.

అమ్మ పోయినప్పటి నుంచి నన్ను కట్టిపడేసింది ఈ ఇల్లే. ఇది అమ్ముడైతే తప్ప నేను ఇక్కడి నుంచి కదలలేను. మూడో మనిషి మర్నాడు ఉదయం వస్తానన్నాడు.

ఉపాయం నేనే చెప్పాను. ఒకప్పుడు కిటికీల మీద పన్ను వేసిన దేశాలు ఉండేవి. అక్కడ కొందరు నిజం కిటికీలు పూడ్చేసి, ఆ చోట ఉత్తుత్తి కిటికీలు చిత్రింపజేసి, ఇంటికి పొంకం తెచ్చుకునేవారు.

"ఇన్నాళ్ళకు నీ చరిత్ర పుస్తకాలు ఇంటికి పనికొచ్చాయిరా," అంది అక్క.

రంగుల మేస్త్రి ఎడమ గోడ మీద మూసిన రెక్కలు గీశాడు. వాటి కింద పడే నీడతో సహా.

"మరి గడియ ఏదిరా?" అంది అక్క.

"గడియ లోపలివైపు ఉంటుందక్కా. బయట గీస్తే అది కిటికీయే కాదు."

"లోపలున్నవాళ్ళు వేసుకుంటారు లెండమ్మా," అన్నాడు మేస్త్రి. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ గోడ వెనక ఉన్నది సామాన్ల గది. అందులోకి ఏనాడూ వెలుతురు రాలేదు.

చివరికి వీధి తలుపు మిగిలింది. సందు కనిపించకూడదని, తలుపూ, కుడి కిటికీ రెక్కలూ మూసి వాటి మీదుగా ఒకే పూత వేయమన్నాను.

"అతుక్కుంటుందేమో సార్."

"ఒక్క తోపుకు వస్తుందిలే."

మేస్త్రి బయట పూత వేస్తుంటే నేను లోపల నా పుస్తకాలు మూట కట్టుకుంటూ ఉండిపోయాను. పెరటి తలుపు వికారంగా ఉందని, దాని మీద అప్పటికే బయటి నుంచి చెక్కలు బిగించేశాం. కరెంటు తీయించేశాం. నా ఫోను వీధిలో నిలబడ్డ అక్క సంచిలో ఉంది.

మేస్త్రి వెళ్ళిపోయాడు. పొద్దు గుంకింది. గది గదికీ రంగు వాసన చిక్కగా పాకింది. గొంతులో చేదు. తలుపు లాగాను.

రాలేదు.

కుడి కిటికీ రెక్కలూ అదే పూతకు బిగుసుకుపోయాయి.

"అక్కా! బయటి నుంచి తోయి!"

బయట అక్క గొంతు వినిపించింది. కానీ తలుపు దగ్గర కాదు... ఎడమవైపు.

"అబ్బ, హడలిపోయాను కదరా! బొమ్మ అన్నావు... ఇది తెరుచుకుంటోందేంటి?"

చెవి తలుపుకు ఆనించాను. తడి రంగు చెంపకు అంటుకుంది. సామాన్ల గదిలో ఏదో కిర్రుమంది. బయట మట్టిలోకి... మెత్తగా ఎవరో దూకారు.

"తలుపుండగా దూకడమేంట్రా, కోతి వెధవా!"

"అతుక్కుపోయింది," అంది ఇంకో గొంతు.

అది నా గొంతు.

"కొనేవాడికి చెప్పకక్కా," అంది అదే గొంతు, గుసగుసగా. అక్క నవ్వింది.

అరిచాను. పిడికిళ్ళతో బాదాను. అరిచేకొద్దీ నా గొంతు నాకే వినిపించడం మానేసింది.

"లోపలేదో చప్పుడురా..."

"ఎలుకలు. పద."

గేటుకు తాళం పడింది. రెండు జతల అడుగులు. పక్కపక్కనే. దూరంగా... ఇంకా దూరంగా.

ఆధారం లేనిదే దేన్నీ ఒప్పుకోని మనిషిని. చీకట్లో గోడ తడుముకుంటూ సామాన్ల గదిలోకి వెళ్ళాను. సున్నం గరుకు తగిలింది. ఆ తర్వాత చెక్క. ఆ తర్వాత చల్లగా, ఇనుము.

గడియ.

తీసే ఉంది. రెక్కను భుజంతో నెట్టాను. గోడను నెట్టినట్టే ఉంది.

ఆ గడియ మీదా రంగు పూసి ఉంది, ఇంకా ఆరలేదు. దాన్ని తీసినవాళ్ళ వేళ్ళు ఆ పూతలో గుంటలుగా దిగబడి ఉన్నాయి. నా వేళ్ళు ఒక్కొక్కటిగా వాటిలో పెట్టి చూశాను.

అన్నీ సరిగ్గా సరిపోయాయి.