మర్చిపోని నంబరు ఒకటి చెప్పండమ్మా

శుక్రవారం పొద్దున్న తొమ్మిదిన్నరకి కోడలు మెట్ల మీద కూర్చుని మోకాళ్ళ క్లాసు చెప్తోంది. నిజంగా మెట్ల మీదే! రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మలుపు దగ్గర, ఫోన్‌ని గోడకి ఆనించి, కాలు చాపి, "అందరూ మడమ నేలకి నొక్కండి, మోకాలి కింద తువ్వాలు నలగాలి" అంటోంది. ఫోన్‌లో పదకొండు మంది పెద్దవాళ్ళు మడమలు నొక్కుతున్నారు. ఇంతలో పై ఇంటావిడ బకెట్‌తో దిగుతూ కాలు ఎక్కడ పెట్టాలో తెలీక అక్కడే ఆగిపోయింది. "డాక్టరమ్మా, మీ వెనకాల ఎవరో బకెట్ పట్టుకుని నిలబడ్డారు, ఆవిడకీ మోకాళ్ళ నొప్పులా?" అని ఓ తాతగారు అడిగారు.

ఇదంతా ఎందుకంటే ఇంట్లో వైఫై లేదు. ఉంది, కానీ లేదు. ఇంటి లోపల ఫోన్‌కి సిగ్నల్ అందదు, మెట్ల మలుపు దాకా వస్తే రెండు గీతలు వస్తాయి. పాత వైఫై డబ్బా బుధవారం కాలిపోతే, నిన్న మధ్యాహ్నం కంపెనీ అతను వచ్చి కొత్తది పెట్టి వెళ్ళాడు. ఆ టైంలో ఇంట్లో అత్తగారొక్కరే ఉన్నారు. "పాస్‌వర్డ్ ఏం పెట్టమంటారు? మీరు మర్చిపోని నంబరు ఒకటి చెప్పండమ్మా" అని అతను అడిగాడట. ఆవిడ తడుముకోకుండా పది అంకెలు చెప్పారట. అతను కొట్టేసుకుని, సంచీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రం కోడలూ కొడుకూ ఇంటికొచ్చి ఫోన్లు తీసి "పాస్‌వర్డ్ ఏంటి?" అన్నారు. అత్తగారు నోరు తెరిచారు. ఒక్క అంకె కూడా రాలేదు.

ఇది మామూలు మరుపు అయితే కోడలు పట్టించుకునేది కాదు. కానీ ఈ అత్తగారు ముప్ఫై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో ఆపరేటర్! చెవులకి హెడ్‌ఫోన్, ఎదురుగా గోడంత బోర్డు, దాన్నిండా కన్నాలు, చేతిలో వైర్లు. ఊళ్ళో సగం నంబర్లు ఆవిడకి నోటికొచ్చు. ఇంట్లో అందరూ ఆవిణ్ణి డైరెక్టరీ అంటారు. పాలవాడిది, ప్లంబర్‌ది, పదేళ్ళ కింద ఇల్లు మారిపోయిన పక్కింటివాళ్ళది, ఎవరి నంబర్ కావాలన్నా వంటింట్లోకి తొంగి చూసి అడగడమే. అందుకే ఆ ఇంట్లో నంబర్లు రాసుకునే పుస్తకమంటూ ఎప్పుడూ లేదు.

కోడలు క్లాసు ముగించి లోపలికొచ్చేసరికి భర్త డబ్బా ముందు గొంతుక్కూర్చుని ఫోన్‌లో ఏవో కొడుతున్నాడు.

"నా నంబర్ కాదు. నీది కాదు. అమ్మది కాదు. పెద్దమామయ్యది కూడా కాదు."

"కంపెనీవాళ్ళు ఏమన్నారండీ?"

"పాస్‌వర్డ్ వాళ్ళ దగ్గరుండదట. వెనక కన్నంలో పిన్నుతో నొక్కితే మొత్తం పోతుందట, నొక్కొద్దన్నారు. మనిషి సోమవారం వస్తాడట."

"సరే, సోమవారం దాకా మెట్ల మీద చెప్పుకుంటాను. నాకేం, గాలి బాగా వస్తోంది."

"సమస్య వైఫై కాదు" అన్నాడాయన గొంతు తగ్గించి.

కోడలికి అర్థమైంది. ఆయన ఫైర్ సేఫ్టీ ఇన్‌స్పెక్టర్. పెళ్ళికెళ్ళినా ముందు బయటికి దారెటో చూసుకునే మనిషి. మూడు గదుల ఇంట్లో నాలుగు ఎర్ర సిలిండర్లు పెట్టాడు, నిప్పు ఆర్పేవి. ఒక నిప్పురవ్వ కనిపిస్తే ఆయనకి ఊరంతా కాలిపోయినట్టే లెక్క. నిన్న సాయంత్రం నించీ ఆయనకి అమ్మ మరుపులో ఆ రవ్వ కనిపిస్తోంది. ఆదివారమేమో అమ్మ ఒంటరిగా రైలెక్కాలి. ఎక్స్‌ఛేంజ్ మూసేసిన పద్దెనిమిదేళ్ళకి పాత ఆపరేటర్లు తొమ్మిదిమంది ఒకచోట కలుసుకుంటున్నారు. ట్రంక్‌కాల్ అక్క అని వాళ్ళందరికీ సీనియర్, ఆవిడ ఇంట్లోనే మకాం. అత్తగారు మూడు వారాల ముందే చీరలు ఇస్త్రీ చేయించి పెట్టుకున్నారు.

అత్తగారు వంటింట్లోంచి వచ్చి మూడు కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టారు. కూర్చోలేదు.

"అమ్మా, ఆదివారం వెళ్ళొద్దులే" అన్నాడు కొడుకు.

"ఎందుకురా?"

"నిన్న మధ్యాహ్నం నోటితో చెప్పిన నంబర్ సాయంత్రానికి లేదు. ఎల్లుండి రైల్లో కూర్చున్నాక ఏ స్టేషన్‌లో దిగాలో లేకుండా పోతే?"

"ఏ స్టేషనో టికెట్ మీద ఉంటుంది."

"టికెట్ ఎక్కడ పెట్టావో మర్చిపోతే?"

"నీ ఫోన్‌లో ఉంటుంది."

"నా ఫోన్ నా దగ్గర కదమ్మా ఉండేది! నీ ఫోన్ పోయిందనుకో, ఎవరికి చెప్తావ్? డాక్టర్‌కి చూపిద్దాం, ఆ తర్వాత ఆలోచిద్దాం. టికెట్ రద్దు చేసేస్తాను."

"చెయ్యి నాయనా. దానిక్కూడా నెట్ ఉండాలిగా."

కోడలు ఫక్కున నవ్వబోయి గ్లాసు అడ్డం పెట్టుకుంది. కొడుక్కి మాత్రం ఒళ్ళు మండింది. "నవ్వులాటగా ఉందా? రేపు స్టవ్ కట్టెయ్యడం మర్చిపోతావ్! ఇలాంటి ఇళ్ళు రోజూ చూస్తాను నేను. ఎవరూ చెడ్డవాళ్ళు కాదు, మర్చిపోయినవాళ్ళే! ఇక మీదట నువ్వు ఒక్కదానివే వంటింట్లో..."

"ఏవండీ!" అంది కోడలు.

ఆలస్యమైపోయింది. అత్తగారు ఇంకా ఎవరూ తాగని గ్లాసులు తిరిగి తీసుకుని, మూడూ సింక్‌లో పారబోసి, తన గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికేసుకున్నారు. కొడుకు చెప్పులేసుకుని ఆఫీసుకి పోయాడు, మెట్ల మలుపు దగ్గర ఓ క్షణం ఆగి, ఫోన్ తీసి, మళ్ళీ జేబులో పెట్టుకుని.

కోడలికి ఇంక పని మీద ధ్యాస లేదు. జాలి ఒకటే కాదు, బుర్ర తొలిచేస్తోంది. పదేళ్ళ కిందటి పక్కింటివాళ్ళ నంబర్ గుర్తున్న మనిషికి, మర్చిపోనిది చెప్పమంటే చెప్పిన నంబర్ గుర్తులేకపోవడమేంటి? అదెక్కడికి పోయినట్టు? మెల్లిగా తలుపు తోసింది.

"అత్తయ్యా, ఒకటి అడగనా? వైఫై గురించి కాదు."

"అడుగమ్మాయ్. గుర్తుంటే చెప్తా."

కోడలు మంచం అంచున కూర్చుంది. "బోర్డు ముందు కూర్చున్నప్పుడు అన్ని నంబర్లు ఎలా గుర్తుపెట్టుకునేవారు?"

"గుర్తు పెట్టుకోవడమా!" ఆవిడకి నిజంగా ఆశ్చర్యమేసింది. "గుర్తుపెట్టుకుంటే పనవుతుందా? పేరు చెవిలో పడగానే చెయ్యి పోయేది, అంతే. మధ్యలో ఆలోచించామా, చెయ్యి తడబడేది. ట్రంక్‌కాల్ అక్క కొత్త పిల్లల్ని తిట్టేది, 'నీ బుర్ర ఇంట్లో పెట్టి రావే, వేళ్ళు తెచ్చుకో చాలు' అని."

కోడలు లేచి నిలబడిపోయింది. ఇది తనకి తెలుసు! ఫిజియోథెరపీకి తన దగ్గరికొచ్చే పేషెంట్లలో ఓ దర్జీ ఉన్నాడు. సూదిలోకి దారం ఎలా ఎక్కిస్తావని అడిగితే చెప్పలేడు, చేతికి సూది ఇస్తే చాలు, మాట్లాడుతూ మాట్లాడుతూ ఎక్కించేస్తాడు.

"అత్తయ్యా, నిన్న అతనికి నంబర్ చెప్పేటప్పుడు మీ చేతులు ఏం చేస్తున్నాయి?"

"చేతులా? ఎడం చేత్తో అతనికి టార్చ్ పట్టుకున్నా. కుడిచెయ్యి..." ఆవిడ తన చూపుడువేలు వంక చూసుకున్నారు. "ఏమో. ఏదో తిప్పినట్టే ఉంది."

అంతే, కోడలు మెట్ల మలుపుకి పరుగు! నెట్‌లో పాత డయల్ ఫోన్ బొమ్మ వెతికి పట్టుకుని, వచ్చి చెప్పుల డబ్బా అట్ట చింపి, చేతి గాజు పెట్టి చుట్టూ గీసి పది కన్నాలు వేసింది. ఒకటి కుడివైపు పైన, అక్కణ్ణించి ఎడమకి తిరుగుతూ తొమ్మిది, అన్నిటికన్నా చివర్న సున్నా. ఒక్కోదాంట్లో అంకె రాసి ఆవిడ ముందు పెట్టింది. అత్తగారు వేలు పెట్టారు, తీశారు, ఇంకోదాని మీద పెట్టారు. "తొమ్మిదా, ఆరా... వద్దమ్మాయ్, రావట్లేదు" అన్నారు. 

అంకెలు కనిపిస్తే బుర్ర వచ్చేస్తోంది మధ్యలోకి! కోడలు అట్ట వెనక్కి తిప్పి మళ్ళీ గీసింది, ఈసారి ఉత్త కన్నాలే, అంకెల్లేవు. ఆవిణ్ణి హాల్లోకి తీసుకెళ్ళి డబ్బా పక్కన నిన్న నిలబడ్డచోటే నిలబెట్టింది. అట్టని చెప్పుల బీరువా మీద పెట్టింది. ఎడం చేతికి టార్చ్ ఇచ్చింది. క్లాసులో పెట్టుకునే హెడ్‌ఫోన్ తెచ్చి ఆవిడ చెవులకి తగిలించింది.

"ఏంటే ఈ వేషం!" అత్తగారికి నవ్వొచ్చేసింది, కానీ వీపు దానంతటదే నిటారుగా అయింది. ముప్ఫై రెండేళ్ళు అలా కూర్చున్న వీపు మరి!

కోడలు సంచీ తగిలించుకున్నట్టు భుజం ఎగరేసి, గొంతు బొంగురు చేసి, "మీరు మర్చిపోని నంబరు ఒకటి చెప్పండమ్మా" అంది.

వేలు కదిలింది.

ఆలోచన లేదు, ఆగడం లేదు. కన్నంలో వేలు, గుండ్రంగా ఓ తిప్పు, వెనక్కి. ఇంకో కన్నం, ఇంకో తిప్పు. కోడలు అరచేతి మీద పెన్నుతో రాసుకుంటోంది. పది తిప్పులయ్యాక వేలు దానంతటదే ఆగి, అత్తగారు హెడ్‌ఫోన్ మీద చెయ్యి వేసుకుని, అవతల ఎవరో ఎత్తుతారన్నట్టు వింటున్నారు.

కోడలు ఫోన్‌లో కొట్టింది. తప్పు అంది. చూసుకుంటే ఏడోది రాసుకోవడంలో తనే తడబడినట్టుంది. "అత్తయ్యా, ఇంకోసారి, ఆలోచించకండి!" మళ్ళీ పది తిప్పులు, ఈసారీ అవే, ఒక్క ఏడోది మాత్రం తను రాసుకున్నదానికి పక్క కన్నం. కొట్టింది.

కనెక్ట్ అయింది!

ఇద్దరూ చిన్నపిల్లల్లా అరిచారు. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది. కొడుకు. ఆఫీసు దాకా వెళ్ళి లోపలికి పోలేక వెనక్కొచ్చేశాడు. అమ్మ చెవులకి హెడ్‌ఫోన్, చేతిలో పట్టపగలు వెలుగుతున్న టార్చ్, పెళ్ళాం అరచేతినిండా సిరా.

"దొరికింది! అత్తయ్య వేలు చెప్పింది!" అని కోడలు అరచెయ్యి చూపించింది.

అతను అంకెలు రెండుసార్లు చదివాడు. "ఏం నంబర్ ఇది? ఎవరిది?"

అత్తగారు కూడా వంగి చూశారు. పెదాలు కదిలాయి, మొహం మెల్లిగా విప్పారింది. "మీ హాస్టల్‌ది రా! ముందు నాలుగూ ఊరి కోడు. ప్రతి ఆదివారం డ్యూటీ దిగేముందు చేసేదాన్ని, మూడేళ్ళు. నువ్వు పైనుంచి పరిగెత్తుకొచ్చి, 'అమ్మా, తొందరగా చెప్పు, మ్యాచ్ ఉంది' అనేవాడివి. నేను కూర ఏం తిన్నావని అడిగేలోపు పెట్టేసేవాడివి."

అతను మళ్ళీ ఆ అంకెల వంక చూశాడు. మూడేళ్ళు తనున్నచోటు. తనకి ఒక్క అంకె కూడా తెలిసినట్టు లేదు.

"సరే కానీ, నా ఫోన్ నంబర్ చెప్పు" అన్నారావిడ.

అతని చెయ్యి జేబులోకి పోయింది.

"ఫోన్ చూడకుండా."

"తొంభై... తొమ్మిది... నాలుగు..." ఆగిపోయాడు. కోడలి వంక చూశాడు. కోడలు నేల చూపులు చూసింది. ఆమెకీ రాదు. పోనీ పెళ్ళాం నంబర్? అదీ సగమే. అన్నీ అమ్మ దగ్గర ఉంటాయిగా, అమ్మ దగ్గర లేనివి ఫోన్‌లో ఉంటాయిగా.

"మరి నువ్వు మర్చిపోయావని నిన్ను నేను రైలెక్కొద్దన్నానా?"

కోపంగా అనలేదు, నిజంగానే అడిగారు. అతను చెప్పుల బీరువాకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయాడు. కళ్ళు తుడుచుకోడానికి చెయ్యి కూడా ఎత్తలేదు.

"తప్పుగా అన్నానమ్మా. వంటిల్లు గురించి."

అత్తగారు టార్చ్ ఆర్పి పక్కనే కూలబడ్డారు. "నువ్వు అన్నదాంట్లో అబద్ధం లేదురా. నిన్న నోరు తెరిస్తే లోపలంతా ఖాళీ. బోర్డు మీద దీపాలన్నీ ఒకేసారి ఆరిపోయినట్టు. రాత్రంతా భయమేసింది, చెప్తే రైలు పోతుందని చెప్పలేదు. డాక్టర్ దగ్గరికి వస్తాను. కానీ అక్కని చూసొచ్చాక."

"బుధవారం తీసుకెళ్తాను. ఆదివారం స్టేషన్‌కి నేనే వస్తాను."

"సిలిండర్ తేకు."

అతను ఏడుస్తూనే నవ్వాడు.

ఆ మధ్యాహ్నమే ఆ ఇంటికి మొదటిసారి నంబర్ల పుస్తకం వచ్చింది. అత్తగారే పెద్ద పెద్ద అంకెలతో రాశారు, ఓ కాగితం మీద మళ్ళీ రాసి పర్సులో పెట్టుకున్నారు. కొడుకు గెడ్డం గీసుకుంటూ అమ్మ నంబర్ ఎక్కం అప్పజెప్పినట్టు అప్పజెప్పుకుంటున్నాడు. శనివారం రెండుసార్లు కోడలు గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ ఒళ్ళో ఆ అట్ట, వేలు గుండ్రంగా తిరుగుతోంది. "ఎవరిదత్తయ్యా?" అంటే "నీకెందుకు, పనిచూసుకో పో" అన్నారు.

ఆదివారం పొద్దున్న రైలు కదిలేముందు కొడుకు కిటికీ ఊచలు పట్టుకుని నిలబడ్డాడు. ఎనిమిది అంకెలు గడగడా చెప్పాడు, చివరి రెండు దగ్గర ఆగాడు. ఆవిడ అందించలేదు. చూస్తూ కూర్చున్నారు. రైలు కూత వేసింది. "ఏడు... మూడు!" అని అరిచాడు. ఆవిడ తల ఊపారు.

రైలు కదిలింది. అత్తగారు కిటికీలోంచి చెయ్యి ఊపలేదు, చూపుడువేలు ఎత్తారు. గాల్లో గుండ్రంగా ఓ తిప్పు, ఇంకో తిప్పు. కోడలు పక్కనే వడివడిగా నడుస్తూ, ఎదురునించి అద్దంలోలా తిరగబడి కనిపిస్తున్న డయల్‌ని తన వైపుకి తిప్పుకుని చదువుకుంటోంది. నాలుగో అంకెకే కాళ్ళు ఆగిపోయాయి. మిగతా ఆరూ చదవాల్సిన పనే లేకపోయింది.

అది తన నంబరే.