అక్క ఉన్న పాత టేపు

"మీ అక్క ఇవాళ సరిహద్దు దాటుతోంది," అన్నాడు పెద్దాయన. "ఆమె మన మనిషని చెప్పే రికార్డు మాత్రం పొద్దున్నే చెరిగిపోయింది."

చీమ కుర్చీలోంచి లేచాడు. లేవడం అతనికి కొత్తేం కాదు, అంతసేపు కూర్చోవడమే కొత్త. ఒక్కచోట కుదురుగా నిలబడలేడు కాబట్టే డిపార్ట్‌మెంట్‌లో అందరూ ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం వేసేవాళ్ళకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

"కూర్చో."

"నిలబడినా వినిపిస్తుంది సర్. చెప్పండి."

చీఫ్‌ని అందరూ పెద్దాయన అనే అంటారు. ఆయన కిటికీ తెర లాగి, గొంతు తగ్గించి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. శత్రుదేశంలో మారుపేర్లతో బతికే ఏజెంట్లందరి అసలు వివరాలూ ఒకే ఒక్క సర్వర్‌లో ఉంటాయి. ముఖం, గొంతు, అరచేతి ముద్ర. తిరిగొచ్చిన ఏజెంటు సరిహద్దు గేటు దగ్గర స్కానర్ మీద చెయ్యి పెట్టాలి. రికార్డుతో కలిస్తే పచ్చలైటు. కలవకపోతే ఎర్రలైటు. వరసగా మూడుసార్లు ఎర్రలైటు వెలిగితే అక్కడి గార్డులు ఇక ప్రశ్నలు వెయ్యరు, కాల్చేస్తారు.

"మీరే గేటుకి ఫోన్ చేసి చెప్పొచ్చుగా."

"ఫోన్‌లో గొంతు విని ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని రూలు పెట్టింది నేనే. నా గొంతుతో ఎవడైనా మాట్లాడొచ్చని నాకే భయం." పెద్దాయన నుదురు రుద్దుకున్నాడు. "ఆమెని ఆపుదామంటే చేతిలో ఫోన్ లేదు. వెనక గబ్బిలాలు తరుముతున్నాయి."

గబ్బిలాలంటే అవతలి దేశం ముఠా. ఏడేళ్ళుగా అక్క వాళ్ళ మధ్యే వంటమనిషిగా ఉంది. మన ఆఫీసులో వాళ్ళకి అమ్ముడుపోయిన మనిషెవరో తెలుసుకుని వస్తోంది. అందుకే గబ్బిలాలు పొద్దున్నే సర్వర్ మీద పడి మొత్తం తుడిచేశాయి. ఆమె నోరు తెరవకముందే, మన తుపాకీతోనే మన మనిషిని చంపించాలన్నది వాళ్ళ ప్లాన్.

అమ్మ పోయాక చీమని పెంచింది అక్కే. జడ వేసుకోవడానికి తీరిక లేక జుట్టు కత్తిరించేసుకున్న అక్క.

"బ్యాకప్?"

"ఉంది. సర్వర్‌కి నకలు టేపుల మీద తీసి వాల్ట్‌లో దాచాం, అక్కడికి వెళ్ళు. ఏసీ మెకానిక్ వేషం. టేపుల్లోంచి రికార్డు రిస్టోర్ చేయించి గేటుకి పంపు. లోపల ఎవర్నీ నమ్మకు."

ఆఖరి మాట పూర్తయ్యేసరికి చీమ మెట్లు దిగేస్తున్నాడు.

*

వాల్ట్ బయటికి డ్రై క్లీనింగ్ షాపు. గుడ్డలకీ ఆవిరికీ మధ్య ఇస్త్రీ చేస్తున్న మనిషి తలెత్తకుండా అడిగాడు.

"ఏం కావాలి?"

"చల్లగాలి తగలడం లేదట."

"కిటికీలు మూసుకుంటే ఎలా తగులుతుంది?"

కోడ్ కుదిరింది. కోట్లు వేలాడే స్టాండు పక్కకి జరిగింది. వెనక ఇనుపతలుపు, దాని వెనక లిఫ్టు. లిఫ్టులో ఉన్నంతసేపూ చీమ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూనే ఉన్నాడు.

కింద వాల్ట్ అద్దంలా మెరిసిపోతోంది. దాన్ని చూసుకునేది అత్తగారు. ఆవిడకి కోడలూ లేదు, అల్లుడూ లేడు. ఎవరు ఎంత శుభ్రం చేసినా వేలితో రాసి దుమ్ము చూపిస్తుంది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది.

"బూట్లు తుడుచుకున్నావా?" అంది.

"తుడుచుకున్నా మేడమ్. రిస్టోర్ మొదలుపెట్టండి."

"నేనూ అదే చెప్తున్నా," అంది వెనకనుంచి ఒక గొంతు.

చీమ గిర్రున వెనక్కి తిరిగాడు. ఆడిటర్. నల్లకోటు, ముత్యాల దుద్దులు, ఎదుటివాడి తెలివిని కాసేపు సెలవు మీద పంపేసే నవ్వు. ఒకప్పుడు ఇద్దరూ ఒక మిషన్‌లో నెల్లాళ్ళు మొగుడూపెళ్ళాలుగా నటించారు. నటన అయిపోయిందన్న సంగతి చీమకి మాత్రం కాస్త ఆలస్యంగా తెలిసింది.

"నువ్విక్కడేంటి?"

"పాత టేపుల క్లీనింగ్ ఇవాళ. నా సంతకం లేకుండా జరగదు. మీ అక్క సంగతి ఇప్పుడే విన్నా. చాలా బాధగా ఉంది."

అద్దాల గది అవతల రోబో చెయ్యి ఒక్కొక్క టేపునీ అరలోంచి తీసి క్రషర్ నోట్లో పడేస్తోంది. కరకరమని చప్పుడు. ఆ చప్పుడు వింటే చాలు అత్తగారి మొహం వికసిస్తుంది. గూఢచారుల ఆఫీసు కదా, పాతదేదైనా మిగిలితే శత్రువు చేతికి చిక్కుతుందన్న భయం అందరికీ నరనరానా ఉంది. కొత్త ఫుల్ బ్యాకప్ వచ్చిందంటే పాతది నలిగి పిండి కావాల్సిందే.

అత్తగారు టేపులు ఎక్కిస్తూ గొణిగింది. "ఇది కొత్త ఫుల్. అంటే ఇంట్లో సామాను మొత్తానికి నకలు. ఇవి ఇంక్రిమెంటల్స్. అంటే ఆ తర్వాత ఇంట్లో కొత్తగా వచ్చినవీ మారినవీ మాత్రమే. ముందు అది, దాని మీద ఇవి వరసగా. అప్పుడే ఇల్లు ఇల్లులా నిలబడుతుంది."

"తెలుసు మేడమ్. తొందరగా."

రిస్టోర్ పూర్తయింది. అక్క నంబర్ కొట్టారు. రికార్డు లేదు.

మళ్ళీ కొట్టారు. లేదు.

"అప్పట్లో ఎక్కించడమే మర్చిపోయారేమో," అంది ఆడిటర్ మెల్లగా, చీమ భుజం మీద చెయ్యి వేసి.

చీమ ఆ చెయ్యి కిందనుంచి తప్పుకుని గది చివరిదాకా నడిచాడు, తిరిగొచ్చాడు. మళ్ళీ నడిచాడు. నడిస్తే తప్ప బుర్ర పనిచెయ్యదు అతనికి. "రికార్డులు తిరిగొచ్చినవాళ్ళెవరో చూపించండి."

వచ్చింది గుప్పెడుమంది. ఒకడికి ఈమధ్యే ట్రాన్స్‌ఫర్. ఒకామెకి ప్రమోషన్. ఒకడికి ప్రమాదంలో వేలు తెగితే ముద్ర మార్చారు. ఇంకొకడు కొత్తగా చేరాడు.

చీమ ఆగిపోయాడు.

"మేడమ్, వీళ్ళందరికీ ఈమధ్య ఏదో ఒకటి మారింది. వీళ్ళంతా ఇంక్రిమెంటల్స్‌లోంచి వచ్చినవాళ్ళు. మా అక్కకి ఏడేళ్ళుగా ఏం మారింది? అడ్రసు మారలేదు, ప్రమోషన్ లేదు, ఫోటో తీసేవాడు లేడు. ఆమె ఉంటే ఫుల్‌లోనే ఉండాలి."

అత్తగారి చేతులు ఆగిపోయాయి. "అంటే కొత్త ఫుల్‌లోంచి ఏమీ రాలేదన్నమాట."

"దాన్ని తెరిచి చూశారా?"

"తెరవడమెందుకు? బాగుందని ఈ అమ్మాయి సంతకం పెట్టిందిగా."

ఇద్దరూ ఒకేసారి తిరిగారు. ఆడిటర్ ఇంకా నవ్వుతూనే ఉంది. చేతిలో చిన్న పిస్టల్ ఉంది.

"ఖాళీ టేపుకి సంతకం పెట్టడానికి ఎంతసేపు," అంది. "మీ ఆఫీసులో అందరికీ పారెయ్యడం మీదున్న శ్రద్ధ దాచుకోవడం మీద లేదు. పాత ఫుల్ వరసలో ఆఖరున ఉంది. ఇంకో నాలుగు టేపులు నలిగితే దాని వంతు. కదలకండి."

కదలొద్దనడానికి ఆమె ఎంచుకున్న మనిషి సరైనవాడు కాదు.

చీమ బూటు కాలితో పక్కనే పెట్టిన తన సంచిలోని గ్యాస్ సిలిండర్ వాల్వ్ తన్నాడు. మెకానిక్ వేషానికి తెచ్చుకున్న సిలిండర్. తెల్లటి చలిపొగ బుస్సుమని గది నిండింది. తూటా ఒకటి సీలింగ్‌కి తగిలింది. పొగలో ఏవో చక్రాలు గరగరమన్నాయి, దబ్బున చప్పుడైంది, ఆడిటర్ మూలిగింది. టేపులు మోసే ట్రాలీతో అత్తగారు ఆమెని గోడకి అదిమేసింది. పిస్టల్ ఎటో జారిపోయింది.

"నా గదిలో పిస్టల్ తీస్తావా? నీ సంతకం చూపించి పాత ఫుల్‌ని నా చేత్తోనే చెత్తబుట్టలో వేయించావు కదే," అంది అత్తగారు. ఆ మాటల్లో ఉన్నది కోపమో ఏడుపో ఆవిడకే తెలియదు.

"క్రషర్ ఆపండి," అరిచాడు చీమ అద్దాల గదిలోకి దూకుతూ.

"ఆగదు నాయనా. శత్రువు వచ్చి మీద పడినా సరే, మధ్యలో ఆపడానికి వీల్లేకుండా నేనే పెట్టించా."

రోబో చెయ్యి ఆఖరి టేపుని అరలోంచి లాగింది. దాని వీపు మీద పాత పచ్చరంగు లేబుల్. చీమ చెయ్యి చాచాడు.

"వాచీ," అంది అత్తగారు. "మీ వాచీల్లో అయస్కాంతం ఉంటుంది. టేపు దగ్గరికెళ్తే ఉన్నది కాస్తా తుడిచిపెట్టుకుపోతుంది."

తాళాలు తీయడానికి డిపార్ట్‌మెంట్ ముచ్చటపడి ఇచ్చిన వాచీ. చీమ పళ్ళతో పట్టీ లాగి దాన్ని వెనక్కి విసిరేశాడు. అప్పటికే టేపు క్రషర్ నోటి అంచున ఉంది. చెయ్యి లోపలికి పెట్టి లాగాడు. చిటికెనవేలు గోరు లోపలే ఉండిపోయింది. టేపు మాత్రం బయటికొచ్చింది.

*

పెద్దాయన ఫోన్‌లో ఉన్నాడు. గేటు కెమెరా ఆయన ముందుంది. చూడ్డం తప్ప ఏమీ చెయ్యలేడు.

"వచ్చేసిందిరా. చెయ్యి పెట్టింది. ఎర్రలైటు."

అత్తగారు పాత ఫుల్ ఎక్కించింది. "దీని మీద ఇంక్రిమెంటల్స్ వరసగా వెయ్యాలి. అవి చాలా ఉన్నాయి."

"అవి తర్వాత. మా అక్కకి ఏమీ మారలేదు. ఇదొక్కటి చాలు, గేటుకి పంపండి."

"అలా సగంలో పంపడం పద్ధతి కాదు."

"మేడమ్, మీ కాళ్ళు పట్టుకుంటా."

"రెండో ఎర్రలైటు," అన్నాడు పెద్దాయన. "గార్డులు తుపాకులెత్తారు. ఆమె చెయ్యి చీరకి తుడుచుకుంటోంది. చెమట అనుకుంటోంది పాపం."

చీమ నడవడం మానేశాడు. గోడకి ఆనుకుని, రక్తం కారే వేలిని పిడికిట్లో నొక్కుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కదలకుండా నిలబడ్డాడు. భయం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అది కాళ్ళని కట్టేస్తుంది.

ట్రాలీ వెనకనుంచి ఆడిటర్ అంది, "గబ్బిలాలు నాకేమిచ్చాయో అడగవా?"

"తీరిక లేదు."

అత్తగారు ఒక మీట నొక్కింది. "పంపేశా."

ఫోన్‌లో పెద్దాయన ముక్కు చీదుకోవడం వినిపించింది.

"పచ్చలైటు," అన్నాడు.

చీమ అక్కడే కింద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నేలంతా రక్తపు మరకలైనా అత్తగారు ఒక్క మాటా అనలేదు.

కాసేపటికి గేటు ఆఫీసునుంచి ఫోన్ కలిపారు. ఏడేళ్ళ తర్వాత అక్క గొంతు.

"ఒరేయ్, ఎలా ఉన్నావురా? తింటున్నావా?"

"తింటున్నా అక్కా."

"ఇక్కడి గార్డు రికార్డులో ఫోటో చూసి, ఈ అమ్మాయి మీ కూతురా అంటాడేంట్రా. అంత ముసలిదాన్నయ్యానా? కొత్త ఫోటో తీస్తారట. పాతది చెరిపెయ్యమని చెప్పనా?"

"వద్దక్కా. ముందు కొత్తది తియ్యనీ. తీశాక తెరిపించి నీ కళ్ళతో చూడు. బాగా వచ్చిందనుకున్నాకే పాతదాని జోలికి వెళ్ళమను."

అవతల అక్క నవ్వింది.

"నీకింత నిదానం ఎప్పుడొచ్చిందిరా?"

చీమ వేలికి కట్టు కట్టించుకుంటూ అద్దాల గది వైపు చూశాడు.

"ఇందాకే," అన్నాడు.